అమెరికాలో పేదలున్నారన్న సంగతి మాకెవ్వరూ ముందుగా చెప్పలేదు

మా మేనల్లుడు ఎమ్మెస్ చదువు కోసం షికాగో వెళ్లి 11 నెలలు కావస్తున్నది. ప్రతి ఆదివారం పొద్దున, అంటే వాడికి శనివారం రాత్రి, ముందుగా మహబూబ్‌నగర్ పక్క పల్లెలో ఉన్న మా అక్కకు, ఆ తరువాత నల్గొండలో ఉన్న నాకు ఫోన్ చేస్తాడు. అక్కతో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నానని చెబుతాడు. నాతో మాట్లాడేటప్పుడు ఏం తిన్నాడో చెబుతాడు. ఈ రెండవ రకం సమాచారాన్ని తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చిన నేను, మొన్న దానిని ఆమూలాగ్రం పరిశీలించి, ప్రజాహితం దృష్ట్యా ఒక విషయాన్ని బయటపెట్టక తప్పదని నిర్ణయించుకున్నాను. అమెరికాలో పేదలున్నారు.

ఈ సంగతి మాకు ఎవ్వరూ ముందుగా చెప్పలేదు. కన్సల్టెన్సీ వారు ఇచ్చిన రంగుల పుస్తకంలో పచ్చిక ఉంది, పచ్చిక మీద ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చొని అకారణంగా నవ్వుతున్న నలుగురు పిల్లలున్నారు, వెనకాల గడియారం ఉన్న ఎర్రటి భవనం ఉంది. దాని వెనకాల వంతెన ఉన్నదనీ, వంతెన కింద గుడారం వేసుకొని మనుషులు కాపురముంటున్నారనీ ఎక్కడా అచ్చు వేయలేదు. మేము 42 లక్షలు అప్పు చేసి పిల్లవాణ్ణి పంపినది పేదరికం చూసి రమ్మని కాదు. అదే చూడదలిస్తే నల్గొండలో దేవరకొండ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే టికెట్టు ధరకే కావలసినంత కనిపించేది, పైగా సాయంత్రానికి ఇల్లు చేరేవాడు.

నా బాధ కేవలం మేనమామ బాధ కాదు. నేను 33 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నల్లబల్ల మీద రెండు గడులు గీసి, ఒక దానిలో అభివృద్ధి చెందిన దేశాలనీ, మరొక దానిలో అభివృద్ధి చెందుతున్న దేశాలనీ రాసి, మొదటి గడిలో అన్నిటికంటే పైన అమెరికాను నా చేతులతో పెట్టాను. అలా రాసిన పిల్లలకు మార్కులు వేశాను, రాయని పిల్లలను గోడకుర్చీ వేయించాను. ఇప్పుడు రెండవ గడిలోని మనుషులు మొదటి గడిలో కూడా దొరుకుతున్నారని తెలిసిన తరువాత, ఆ గోడకుర్చీలను ఏ విధంగా వెనక్కి తీసుకోవాలో తోచడం లేదు.

అసలు ఈ వ్యవహారం మా బావ కోటీశ్వరుడు కావడంతో మొదలైంది. వీసాకు కుటుంబ ఆర్థిక స్థితి రుజువు చేయాలన్నారు కాబట్టి ఒక చార్టర్డ్ అకౌంటెంటును ఆశ్రయించాము. ఆయన మా బావకున్న మూడెకరాల చెలకనూ, అందులో ఎండిపోయిన రెండు బోర్లనూ, పెంకుటింటినీ, రేకుల కొట్టాన్నీ, అక్క మెడలోని పుస్తెలతాడునూ వరుసగా రాసుకొని, హైదరాబాదు వైపు భూముల ధరలు పెరిగిన పుణ్యమా అని, మొత్తం కోటి 70 లక్షలని తేల్చి గుండ్రటి సీలు వేసి ఇచ్చారు. ఎండిన బోర్లను ఆయన నీటి వసతి అని రాశారు. 58 ఏళ్లుగా తాను పేదవాణ్ణనే భ్రమలో బతికిన మా బావ ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారుజామున లేచి, బర్రెలకు గడ్డి వేసి, కోటీశ్వరుడి హోదాలో మొట్టమొదటి పనిగా, ఫీజు తొలి వాయిదా కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు అడగడానికి బయలుదేరాడు.

ఆ ధ్రువపత్రం ఇప్పటికీ వారి ఇనుప పెట్టెలో ఉంది. దాని పక్కనే ఆహార భద్రత కార్డు కూడా ఉంది. ఒక కాగితాన్ని చూసి ఈ కుటుంబం బీదదని తెలంగాణ ప్రభుత్వం నమ్మింది. మరొక కాగితాన్ని చూసి ఈ కుటుంబం సంపన్నమైనదని అమెరికా ప్రభుత్వం నమ్మింది. రెండు ప్రభుత్వాలను నమ్మించగలిగిన పెట్టె మా బంధువర్గంలో మరొకటి లేదు. బ్యాంకు ఖాతాలో నిలవ చూపడానికి నేను నా గ్రాట్యుటీలో నుంచి ఆరు లక్షలు సర్దాను, మిగతా బంధువులు తలా కొంత సర్దారు; వీసా ముద్ర పడగానే ఎవరి డబ్బు వారి ఇంటికి క్షేమంగా తిరిగి వచ్చింది. చిలుకూరు బాలాజీకి మొక్కుకునేటప్పుడు చేసిన 11 ప్రదక్షిణలు, మొక్కు తీరాక చేసిన 108 ప్రదక్షిణలు మాత్రమే ఈ మొత్తం వ్యవహారంలో అప్పు లేకుండా జరిగాయి.

ఇక అక్కడి సంగతి. వాడు దిగిన మూడవ నాడు, రైల్వే స్టేషను మెట్ల దగ్గర ఒక మనిషి అట్టముక్క పట్టుకొని కూర్చున్నాడట. అట్టముక్క మీద నాలుగు పంక్తుల ఇంగ్లీషు ఉంది. ఒక్క అక్షర దోషం లేదు, కామా ఉండవలసిన చోట కామా ఉంది. నోరు విప్పి చిల్లర అడిగితే, మా మేనల్లుడు ఎంసెట్ కోచింగ్ కాలం నుంచి కలలుగంటున్న ఉచ్చారణ అలవోకగా వచ్చి పడింది. వాడు నిలుచున్న చోటనే నిలుచుండిపోయాడు. నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మామా, ఇంగ్లీషొచ్చినోడు అడుక్కుంటున్నడు" అన్నాడు.

ఈ ఒక్క వాక్యంలోని ప్రమాదం మా జిల్లాల వారికి తప్ప ఇతరులకు అర్థం కాదు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే కారు వస్తుంది, కారు వస్తే పిల్లనిస్తారు అనేది మా దగ్గర వేదవాక్కు. ఈ వాక్కు మీదనే మూడేళ్ల పిల్లల మెడకు టై కట్టి పచ్చ బస్సుల్లో ఎక్కిస్తున్నాము. నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టూ తిరిగితే, 60 రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే బోర్డు కనబడని సందు ఉండదు. ఆ మెట్ల మీది మనిషికి 60 రోజులు కాదు, ఒక్క రోజు కోచింగ్ కూడా అవసరం లేకపోయింది, ఉగ్గుపాలతోనే వచ్చింది. అయినా మెట్ల మీదనే ఉన్నాడు. ఈ వార్త పొక్కితే ఎన్ని బడులు మూతపడతాయో, ఎన్ని పచ్చ బస్సులు షెడ్డు పాలవుతాయో ఊహించి, నోటు పుస్తకంలో ఆ పేజీని చాలాకాలం మడిచి ఉంచాను. ఇప్పుడు కూడా పాఠకులు దీనిని తమలోనే ఉంచుకోవలసిందిగా మనవి.

షికాగో నడిబొడ్డున, నది ఒడ్డు వెంట, వాకర్ డ్రైవ్ అనే రోడ్డు ఉంది. అది అంతస్తుల రోడ్డు. పై అంతస్తులో అద్దాల మేడలు, హోటళ్లు, ఫొటోలు దిగే యాత్రికులు. కింది అంతస్తులో సరుకు బండ్లు, కాంక్రీటు స్తంభాలు, పగలు కూడా వెలిగే దీపాలు, ఆ స్తంభాల మధ్య గాలి తగలని మూలల్లో దుప్పట్లు కప్పుకొన్న మనుషులు. ఒకే రోడ్డు, ఒకే పేరు, పైన ఉన్నవాడి కాళ్ల కింద సరిగ్గా కిందివాడి తల. ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. మన పూర్వికులు ఊరికీ వాడకూ మధ్య అడ్డంగా గీసిన గీతకు ఎంతో నేల ఖర్చయ్యేది, నడుమ ఒక చెరువు కట్టో, తుమ్మల తోపో ఉండవలసి వచ్చేది. అక్కడి ఇంజనీర్లు ఆ గీతనే పైకీ కిందికీ మధ్య గీసి బోలెడంత స్థలం కలిసి వచ్చేలా చేశారు.

లెక్కల విషయంలో కూడా వారి శ్రద్ధ గమనించదగ్గది. 2024 జనవరిలో ఒక రాత్రి దేశమంతటా లెక్క తీస్తే, షెల్టర్లలో ఉన్నవారూ బయట ఉన్నవారూ కలిపి 7,71,480 మందికి ఇల్లు లేదని అక్కడి గృహనిర్మాణ శాఖే ప్రకటించింది. అంటే 2011 జనాభా లెక్కల నాటి నల్గొండ లాంటి పట్టణాలు నాలుగు ఖాళీ చేయించి, జనవరి చలిలో బయట నిలబెట్టినా ఆ సంఖ్య నిండదు. మనమూ 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిపాము. కానీ మనం లెక్కించడానికి అందరినీ ఇళ్లలో కూర్చోమన్నాము, ముంబై నుంచి కూలీలు బస్సుల్లో నిలబడి వచ్చి మరీ సొంత గడపల్లో కూర్చొని లెక్కకెక్కి, తెల్లారి మళ్లీ బస్సెక్కారు. అమెరికా వారు మనిషి ఎక్కడ పడుకొని ఉంటే అక్కడికే వెళ్లి లెక్కిస్తారు. లెక్కించిన తరువాత లేపి పంపించే వీలు కూడా ఉంది: బహిరంగ స్థలంలో పడుకున్నవారికి నగరాలు జరిమానా వేయవచ్చునని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు కట్టుకోలేనివాడు జరిమానా ఎట్లా కట్టగలడన్న సందేహం మా బావకు వచ్చింది కానీ, కోటీశ్వరుడైనప్పటి నుంచి ఆయన ఆలోచనా ధోరణి మారిపోయిందని నేను దానిని పట్టించుకోలేదు.

అమెరికాకు వెళ్లిన ప్రతి తెలుగు విద్యార్థి తలలోనూ మొదటి ఆరు నెలలు డాలరు ధర ఎక్కం నడుస్తూ ఉంటుంది; మా వాడు వెళ్లిన నాటికి అది 85వ ఎక్కం. నాలుగు డాలర్ల కాఫీ వాడి నాలుక మీద 340 రూపాయలై చల్లారిపోయేది. ఒకనాడు వంతెన దగ్గర గడ్డం మనిషి ఒకరు డాలరు అడిగితే, మా వాడు జేబులో చెయ్యి పెట్టి నోటు పట్టుకున్నాడు కూడా. ఇంతలో ఎక్కం అడ్డు వచ్చింది. కురుమూర్తి జాతరకు వెళ్లినప్పుడు కూడా మా వంశంలో ఎవ్వరూ ఒక్క బిచ్చగాడికి 85 రూపాయలు వేసి ఎరుగరు. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. ఆ మనిషి కోపగించుకోలేదు. మా వాడు కోఠిలో బేరమాడి కొన్న కోటు కేసి ఎగాదిగా చూసి, ఇది ఇక్కడి చలికి ఆగదని చెప్పి, ఫలానా వీధిలోని చర్చిలో గురువారం నాడు కోట్లు ఉచితంగా ఇస్తారనీ, త్వరగా వెళితే మంచివి దొరుకుతాయనీ దారి చూపించాడు. మా వాడు వెళ్లాడు. కోటి 70 లక్షల కుటుంబానికి ఏకైక వారసుడు వరుసలో నిలబడి తెచ్చుకున్న ఆ కోటుతో దిగిన ఫొటోను మా అక్క పెద్దది చేయించి హాల్లో గోడకు తగిలించింది. వచ్చినవారందరికీ అమెరికా కోటు అని చూపిస్తుంది. అది నిజమే కాబట్టి నేను మాట్లాడలేదు.

పని విషయానికి వస్తే, విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. మా వాడికి విశ్వవిద్యాలయం భోజనశాలలో గిన్నెలు కడిగే పని దొరికింది. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్లవాడు. అక్క ఈ సంగతి విని, గిన్నెలు కడగడంలో కూడా ఎమ్మెస్ ఉన్నదేమోనని అనుకుంది. ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. అది 2009 జూలై నుంచి ఒక్క సెంటు పెరగలేదు. షికాగో లాంటి నగరాలు తమంతట తాము ఎక్కువ పెట్టుకున్నాయి కానీ, దేశం మొత్తానికి పెట్టిన గీత కదలలేదు. మన ఉపాధి హామీ కూలీ తెలంగాణలో 2024-25లో 300 రూపాయలు ఉండి, 2025-26లో 307 అయింది. ఏడు రూపాయలే అయినా పెరిగింది. గుంత తవ్వే విషయంలో అమెరికాను మనం ఈ విధంగా దాటిపోయినట్టు ఏ పత్రికా మొదటి పేజీలో వేయలేదు.

ఆ భోజనశాలలో మిగిలిన ఆహారాన్ని మా వాడు రోజూ పెద్ద పెద్ద నల్ల సంచుల్లో నింపి పారవేస్తాడు. దానిని ఇంటికి తీసుకుపోవడం నిబంధనలకు విరుద్ధం. పారవేసి, చేతులు కడుక్కొని, పక్క భవనం నేలమాళిగలో విద్యార్థుల కోసం పెట్టిన ఉచిత సరుకుల గదికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, డబ్బాలో పెట్టిన చిక్కుడు గింజలూ, వేరుశనగ ముద్దా తెచ్చుకుంటాడు. అది నిబంధనలకు అనుకూలం. ఇక్కడేమో 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పథకం మొదలైన తరువాత, కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు ఆరు కిలోలు వస్తున్నాయి. వాడి పేరు కార్డులో నుంచి ఇంకా తీయించలేదని మా అక్క గొంతు తగ్గించి చెప్పింది. ఈ విధంగా మా మేనల్లుడు రెండు ఖండాలలో ఆహార భద్రత కలిగిన అరుదైన పౌరుడిగా ఉన్నాడు.

ఇన్ని అవమానాల మధ్య ఒక్క గౌరవం కూడా జరిగిందని ఒప్పుకోవాలి. వాడిది పర్యావరణ ఇంజనీరింగ్. ఒకనాడు తరగతిలో, నీళ్ల నుంచి ఫ్లోరైడు తొలగించే పద్ధతుల పాఠంలో, తెర మీద పెద్ద అక్షరాలతో "నల్గొండ టెక్నిక్" అని పడిందట. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తిప్పి, తేర్చే ఈ పద్ధతిని నాగపూరులోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వారు రూపొందించి మా జిల్లా పేరు పెట్టారు. నల్గొండ అనేది ఏ శాస్త్రవేత్త పేరో ఎవరికైనా తెలుసా అని ప్రొఫెసరు గారు అడిగారట. మా వాడు లేచి, అది మా అమ్మ పుట్టిన జిల్లా అన్నాడట. తరగతి మొత్తం వెనుదిరిగి చూసిందట. మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి నడుం వంగి, చివరి 12 ఏళ్లు ఆకాశం చూడకుండా నేలనే చూస్తూ నడిచిన మా నాయనకు ఈ ప్రపంచ ప్రఖ్యాతి అందే సమయానికి ఆయన లేకపోవడం విచారకరం.

అదే పాఠంలో మరొక సంగతి కూడా తెలిసింది. అక్కడి చాలా నగరాలు తాగునీళ్లలో ఫ్లోరైడును కొని మరీ కలుపుతాయి. పళ్లు పుచ్చిపోకుండా లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండాలని వారి లెక్క. 1945లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలుపెట్టి, షికాగోతో సహా చాలా ఊళ్లకు పాకించారు. లీటరుకు 1.5 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా, మా వైపు బోర్లు ఆ మాట వినలేదు. మోతాదులో ఉంటే వారికి మందు, మోతాదు మించితే మాకు రోగం అయిన ఈ వస్తువును భూమాత మా కింద ఉచితంగా కలిపి పెట్టి ఉండగా, ఎగుమతి చేయాలన్న ఆలోచన ఇన్ని దశాబ్దాలలో ఒక్క ప్రజాప్రతినిధికీ రాలేదు. కొంచెం పలుచన చేసుకుంటే వారికీ సరిపోయేది, కృష్ణా నీళ్ల కోసం మేమిన్ని ధర్నాలు చేయవలసిన పనీ ఉండేది కాదు.

ఇంత వరకు నేను ఓపికగానే ఉన్నాను. కానీ పోయిన ఆదివారం వాడు వేసిన ప్రశ్నతో నా ఓపిక నశించింది. మా ఇంటికి దగ్గరలో చౌరస్తా మీద పొద్దున ఏడింటికి లేబర్ అడ్డా నిలుస్తుంది. నీళ్ల ట్యాంకు కడిగించడానికి ఆ రోజు ఇద్దరిని మాట్లాడి తెచ్చాను; ఎనిమిది వందలు అడిగితే 650కి ఒప్పించాను, ఈ బేరంలో నాకు మంచి పేరుంది. ఫోన్‌లో వెనకాల వాళ్లు కనిపించినట్టున్నారు. "మామా, వాళ్లు రాత్రి యాడ పండుకుంటరు?" అని అడిగాడు.

నా 33 ఏళ్ల సర్వీసులో ఇటువంటి ప్రశ్న ఏ విద్యార్థీ వేయలేదు, ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. వాళ్లు ఎక్కడి నుంచో వస్తారు, పని అయ్యాక ఎక్కడికో వెళతారు. ఈ మాత్రం సమాచారంతో పట్టణం మొత్తం హాయిగా నడుస్తున్నది. 42 లక్షలు ఖర్చుపెట్టి 13 వేల కిలోమీటర్ల దూరం పంపిస్తే, వాడు మా చౌరస్తాను చూడటం నేర్చుకున్నాడు. ఈ కోర్సు కన్సల్టెన్సీ వారి జాబితాలో లేదు, దీనికి ఫీజు కట్టినట్టు రసీదు కూడా లేదు. నేను మాట మార్చి, అక్కడ మంచు పడుతున్నదా అని అడిగాను.

చివరగా, వాడు బయలుదేరిన నాటి ఒక చిన్న సంఘటన నోటు పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఇన్నాళ్లూ దానికి ప్రాధాన్యం లేదనుకున్నాను. నేను నల్గొండ నుంచి బస్సులో మహబూబ్‌నగర్ చేరితే, నన్ను ఎక్కించుకోవడానికి కిరాయి కారు బస్టాండుకే వచ్చింది. పైన రెండు పెద్ద సూట్‌కేసులు తాడుతో కట్టి ఉన్నాయి, లోపల పిల్లవాడి నొసట కుంకుమ బొట్టు, మెడలో పూలదండ. ఆ పక్కనే ముంబై బస్సు కోసం కూలీల గుంపు మూటల మీద కూర్చొని ఉంది. అందులో నుంచి ఒక అవ్వ లేచి వచ్చి, సూట్‌కేసుల వైపు చూసి, ఏ ఊరికి పోతున్నాడని అడిగింది. అమెరికా అని చెప్పాను.

"గదెక్కడ, ముంబై అవతలనా?"

"అవతలనే."

"మేస్త్రీ ఎవలు?"

ఇది చదువు వ్యవహారమనీ, ఇందులో మేస్త్రీలు ఉండరనీ, కన్సల్టెన్సీ అనే సంస్థ అన్నీ చూసుకుంటుందనీ నేను వివరంగా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విన్నది.

"సరే గని, అడ్వాన్సు ఎంతిచ్చిండు?"

"ఆయన ఇయ్యడమ్మా. మేమే కట్టినం. నలభై రెండు లక్షలు."

అవ్వ కాసేపు నా ముఖం కేసి చూసింది. తరువాత వంగి, కారు లోపల పూలదండతో కూర్చున్న పిల్లవాణ్ణి చూసింది. "పోయేటోనికి వాడియ్యాలె గని, ఉల్టా మీరే కడితిరా?" అన్నది. "గా మేస్త్రీ మంచోడు కాదు బిడ్డా. పిలగాన్ని దించుర్రి." అంటూ కారు తలుపు మీద చెయ్యి వేసింది. శంషాబాద్ చేరడానికి ఆలస్యమవుతున్నదని డ్రైవరుకు చెప్పి, నేను అద్దం పైకి ఎత్తించాను.